గోల్‌కి నాలుగు చేతుల ముందు

పోయిన ఫుటీ (ఇక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) సీజన్‌లో ఒక శనివారం రాత్రి. మెల్‌బోర్న్‌లోని డాక్‌లాండ్స్ స్టేడియం నుంచి సదరన్ క్రాస్ స్టేషన్‌కి వెళ్ళే వంతెన మీద జనంలో నడుస్తున్నాం. మా జట్టు ఓడిపోయింది. మా చెల్లెలి భర్తకి బాధ వస్తే మాట ఆగదు. "వదినా, మన ఫార్వర్డ్‌లు శుద్ధ దండగ. చేతుల్లోకి వచ్చిన బంతిని కూడా పట్టుకోలేకపోతే ఇంక వాళ్ళెందుకు?" అని వంతెన దిగేదాకా అంటూనే ఉన్నాడు. టార్నీట్ వెళ్ళే ట్రైన్ ఎక్కాక కూడా అదే మాట.

"తప్పు వాళ్ళ చేతులది కాదు, వెనక నుంచి బంతి వచ్చిన తీరుది" అన్నాను. "ఓడిపోయాక అలాంటివి ఎన్నైనా చెప్పొచ్చు వదినా" అన్నాడు. ఆ అరగంట ప్రయాణంలో నేను చెప్పదలచుకున్నది సగం కూడా చెప్పలేకపోయాను. అప్పటి నుంచి అది మనసులో నలుగుతూనే ఉంది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నా మాట ఇది. ఫుటీలో ఒక జట్టు దాడి ఎలా సాగుతుందో తేల్చేది తమ గోల్ వైపు కాపలా ఉండి, ఆ వెనక నుంచి బంతి పట్టుకుని పరుగెత్తే హాఫ్‌బ్యాక్‌లు. ఫార్వర్డ్ చేతికి బంతి ఎక్కడ చేరుతుంది, ఎంత త్వరగా చేరుతుంది, అప్పుడు అతని చుట్టూ ఎంతమంది ఉంటారు అన్న మూడింటినీ వాళ్ళే ముందుగా నిర్ణయించేస్తారు. ఫార్వర్డ్ బాగా ఆడాడా లేదా అన్న లెక్క ఆ తర్వాతే మొదలవుతుంది.

మూడో అంతస్తు నుంచి

ఆ రోజు మాకు దొరికినవి గోల్ పోస్టుల వెనక, పైన మూడో లెవెల్ సీట్లు. బంతి మరీ దూరమవుతుందని మా మరిదికి నచ్చలేదు. నాకు అవే ఇష్టం. టీవీ కెమెరా బంతి వెంటే తిరుగుతుంది. బంతికి అరవై మీటర్ల అవతల ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూపించదు. గోల్స్ వెనక, అంత పైనుంచి చూస్తే మైదానమంతా చుక్కలు పెట్టిన ముగ్గులా ఉంటుంది. గీత ఏ చుక్క నుంచి ఏ చుక్కకి వెళ్ళొచ్చో ముందే తెలుస్తుంది.

మూడో క్వార్టర్లో అక్కడి నుంచి చూసింది చెప్తాను. మా హాఫ్‌బ్యాక్ మార్క్ పట్టాడు, అంటే తన్నిన బంతిని గాల్లోనే అందుకున్నాడు. పరుగెత్తే వీలుంది, ఎదురుగా పదిహేను మీటర్ల ఖాళీ ఉంది. కానీ ఆగాడు. నాలుగడుగులు వెనక్కి వేసి, అటూ ఇటూ చూసి, బౌండరీ వెంట ఎత్తుగా తన్నాడు. ఆ ఆగిన నాలుగైదు సెకన్లలో ఎదుటి జట్టు మొత్తం వెనక్కి పరుగెత్తి సర్దుకుంది. బంతి కిందికి దిగేటప్పటికి మా పొడుగాటి ఫార్వర్డ్ చుట్టూ ముగ్గురు. వాళ్ళలో ఒకడు పిడికిలితో కొట్టేశాడు, బంతి పోయింది. మా మరిది తల పట్టుకున్నాడు. టీవీలో చూసేవాళ్ళకి కనిపించేది కూడా ఫార్వర్డ్ చేతుల నుంచి జారిన బంతే.

అదే క్వార్టర్ చివర్లో మరో హాఫ్‌బ్యాక్ అలాంటి చోటే బంతి అందుకుని ఆగకుండా మైదానం మధ్యలోకి దూసుకుపోయాడు. ఒక బౌన్స్ (పరుగులో బంతిని నేలకి కొట్టి పట్టడం), ఒక హ్యాండ్‌బాల్ (పిడికిలితో కొట్టి ఇచ్చే పాస్), ఒక చిన్న కిక్. మా అదే ఫార్వర్డ్ ముందుకు పరుగెత్తి ఛాతీ మీద బంతి పట్టుకున్నాడు. అతని పక్కన ఉన్నది ఒక్కడే, వాడు కూడా రెండడుగుల వెనక. మనిషి మారలేదు, చేతులూ మారలేదు.

పశ్చిమ మెల్‌బోర్న్‌కి తెలిసిన పరుగు

ఈ విషయం నాకు మొదట అర్థమైంది 2016 అక్టోబర్ 1న. అప్పటికి ఈ ఊరు వచ్చి రెండేళ్ళు. ఆఫీసులో పనిచేసే ఒకావిడ గ్రాండ్ ఫైనల్‌కి తన ఇంటికి పిలిచింది. వెస్టర్న్ బుల్‌డాగ్స్, సిడ్నీ స్వాన్స్. మేముండే పడమటి సబర్బ్‌లన్నీ ఎర్ర, నీలం, తెలుపు రంగుల్లో మునిగి ఉన్నాయి. ఫుట్‌స్క్రే అన్న పాత పేరున్న ఈ బుల్‌డాగ్స్ జట్టు 1954 తర్వాత కప్పు చూడలేదు. ఆ ఏడాది ఏడో స్థానంలో ఫైనల్స్‌కి చేరి, పెర్త్ వెళ్ళి వెస్ట్ కోస్ట్‌ని, తర్వాత అంతకు ముందు వరసగా మూడేళ్ళు గెలిచిన హాథార్న్‌ని, ఆ పైన సిడ్నీలోనే అక్కడి రెండో జట్టు జీడబ్ల్యూఎస్‌ని ఓడించి అంతదూరం వచ్చారు.

నాకు నియమాలు సగమే తెలుసు. అయినా ఒక మనిషి మీద కళ్ళు ఆగిపోయాయి. జేసన్ జొహానిసన్. జొహానెస్‌బర్గ్‌లో పుట్టి పెర్త్‌లో పెరిగిన అబ్బాయి. ఉండేది వెనక. బంతి అందగానే తల ఎత్తి ముందుకే. చివరి క్వార్టర్లో అలాగే వచ్చి గోల్ వైపు తన్నాడు, ఇంట్లో అందరం లేచి అరిచాం. దారిలో ఎవరి వేలో తగిలిందని వీడియో రివ్యూలో తేలి ఆ గోల్ పోయింది. అయినా ఆ రోజు బెస్ట్ ప్లేయర్‌కిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ అతనికే వచ్చింది. బుల్‌డాగ్స్ 89, సిడ్నీ 67.

గోల్ కొట్టని మనిషికి, వెనక నిలబడే మనిషికి ఎందుకిచ్చారని ఆవిడని అడిగాను. "అతను పరుగెత్తిన ప్రతిసారీ సిడ్నీ వాళ్ళు ఏం చేశారో చూశావా?" అని తిరిగి అడిగింది. చూడలేదు. అప్పట్లో నేనూ బంతినే చూసేదాన్ని.

మరుసటి ఏడాది, 2017లో, ప్రత్యర్థులు జొహానిసన్ వెంట మనిషిని పెట్టడం మొదలుపెట్టారు. ఒక ఫార్వర్డ్‌కి గోల్స్ సంగతి పక్కన పెట్టి ఇతన్ని పరుగెత్తనివ్వకుండా చూడటమే పనిగా అప్పగించేవారు. ఒక్కో గోల్‌కి ఆరు పాయింట్లు తేవాల్సిన మనిషిని ఒక డిఫెండర్‌కి కాపలాగా పెట్టారంటే, ఆ డిఫెండర్ నుంచి ఎన్ని పాయింట్లు పుడతాయని కోచ్‌లు భయపడి ఉండాలి! హాఫ్‌బ్యాక్ విలువ గురించి నా దగ్గరున్న సాక్ష్యాల్లో ఇదే గట్టిదని ఇప్పటికీ అనుకుంటాను.

చోటు వదిలించడం

పరుగు ఎలా పనిచేస్తుందన్నది కొంచెం ఓపికగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దాన్ని దూరంతో కొలుస్తారు.

ఇప్పుడు ఏ జట్టయినా బంతి పోగానే మైదానం మీద వల పరిచినట్టు సర్దుకుంటుంది. ఒక్కొక్కరిదీ ఒక చోటు. ఆ వల మీదుగా పొడుగ్గా తన్నిన బంతి గాల్లో ఉన్నంతసేపట్లో చుట్టుపక్కల ముగ్గురు నలుగురు దాని కిందికి చేరిపోతారు. అందుకే సర్దుకున్న వల మీదికి తన్నే ఎత్తు కిక్ సాధారణంగా వాళ్ళకే లాభం.

బంతి పట్టుకుని పరుగెత్తుకొచ్చే మనిషి వేరే సమస్య. వలలో అతనికి దగ్గరగా ఉన్నవాడి ముందు రెండే దారులు. కదలకుండా తన చోటే కాపాడుకుంటే, వచ్చేవాడు పదిహేను మీటర్లకి ఒక బౌన్స్ వేసుకుంటూ ఇంకా లోపలికి వచ్చేస్తాడు. తన్నితే గోల్ దగ్గరికి చేరేంత దూరం వస్తాడు. సరే అడ్డుకుందామని ముందుకొస్తే అతని చోటు ఖాళీ. ఆ ఖాళీలో మనవాడు ఒకడు నిలబడి ఉంటాడు, చిన్న కిక్ చాలు. ఇప్పుడు ఆ ఖాళీని పూడ్చడానికి వాళ్ళలో ఇంకొకడు తన చోటు వదలాలి. అతని చోటు కోసం మరొకడు. స్వెట్టర్‌లో ఒక దారం లాగితే వరసంతా ఊడొచ్చినట్టు, చివరికి గోల్ ముందు మన ఫార్వర్డ్‌కి ఒకే ఒక్క మనిషి కాపలా మిగులుతాడు. మార్క్ పట్టడానికి అంతకంటే మంచి అవకాశం దొరకదు.

కాబట్టి నేను లెక్కపెట్టేది అతను ఎదుటివాళ్ళలో ఎంతమంది చేత చోటు వదిలించాడన్నది. ఎన్ని మీటర్లు పోయాడన్నది రెండో విషయం. "మీటర్స్ గెయిన్డ్" అనే లెక్క టీవీలో తరచూ చూపిస్తారు. నాకు దాని మీద నమ్మకం తక్కువ. బౌండరీ వెంట గుడ్డిగా 50 మీటర్లు తన్నినా అందులో 50 మీటర్లే పడతాయి, ఇద్దరిని కదిలించి మధ్యలోకి పంపిన 20 మీటర్ల పాస్‌కి 20 మాత్రమే పడతాయి.

ఇంకొకటి సమయం. ఎదుటి జట్టు దాడి చేస్తున్నప్పుడు వాళ్ళ మనుషులు ముందుకొచ్చేసి ఉంటారు. సరిగ్గా అప్పుడు బంతి మన చేతికి వస్తే వాళ్ళ వెనక మైదానమంతా ఖాళీయే. ఆ ఖాళీ నాలుగైదు సెకన్లు ఉంటుంది, తర్వాత మూసుకుంటుంది. ఆ సమయంలో బంతి ఎవరి చేతిలో ఉంటుంది? దాదాపు ఎప్పుడూ హాఫ్‌బ్యాక్ చేతిలోనే. అందుకే దాడిలో మొదటి నిర్ణయం అతనిది.

నియమాలు కూడా ఇటువైపే మొగ్గాయి. 2019 నుంచి బిహైండ్ (గోల్ తప్పి పక్కన పడితే వచ్చే ఒక పాయింట్) తర్వాత బంతి లోపలికి తెచ్చే ఆటగాడు ముందు తనకు తానే తన్నుకోనక్కర్లేదు, గోల్ స్క్వేర్ నుంచి నేరుగా పరుగెత్తుకుంటూ రావచ్చు. 2021లో స్టాండ్ రూల్ వచ్చింది. మార్క్ పట్టిన చోట ఎదురుగా నిలబడ్డవాడు పక్కకి కదలకూడదు. దాంతో బంతి ఉన్నవాడు పక్కకి ఒక అడుగు వేసి మైదానం మధ్యలోకి కోణంలో తన్నడం, లేదా అటే పరుగు అందుకోవడం సులువైంది.

మా నాన్నకి రేపల్లె దగ్గర కాలువ చివర ఎకరంన్నర పొలం ఉండేది. నీరందక మడి బీటలు వారితే, చూసేవాళ్ళు "మీ నాన్న సాగు సరిగ్గా చెయ్యలేదు" అనేవాళ్ళు. ఆయన సైకిల్ వేసుకుని పైకి, తూము దగ్గరికి వెళ్ళేవాడు. నీళ్ళు ఎక్కడ ఆగాయో అక్కడే చూడాలని ఆయనకి తెలుసు. మా మరిది ఫార్వర్డ్‌లని తిట్టినప్పుడల్లా నాకు ఎండలో సైకిల్ తొక్కుకుంటూ పైకి వెళ్తున్న మా నాన్న గుర్తొస్తాడు.

మా అమ్మాయిని వెనక నిలబెట్టినప్పుడు

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. ఇక్కడి ఒక క్లబ్బులో ఆడపిల్లల జట్టులో ఆడుతోంది. మొదటి సీజన్‌లో కోచ్ దాన్ని హాఫ్‌బ్యాక్‌లో పెట్టినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. 2016 చూసి అంత అర్థమైందనుకున్న మనిషిని, నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ పాత ఆలోచనే. మా ఊళ్ళో క్రికెట్ ఆడేటప్పుడు సరిగ్గా ఆడనివాళ్ళని బంతి రాని చోట నిలబెట్టేవాళ్ళు. ఇదీ అలాంటిదే అనిపించింది. కొత్తగా వచ్చినవాళ్ళం, పేరు పలకడం కూడా వాళ్ళకి కష్టం, అందుకే వెనక్కి నెట్టారేమో అన్న అనుమానం కూడా కలిగింది. కోచ్‌ని అడుగుదామా అని రెండు వారాలు తటపటాయించాను.

క్యాంటీన్‌లో సాయం చేసే ఒక పెద్దావిడ ఉంటుంది. ముగ్గురు కొడుకులూ ఆ మైదానంలోనే ఆడి పెద్దయ్యారట. ఒక ఆదివారం పొద్దున చలిలో బౌండరీ దగ్గర నా పక్కన నిలబడింది. మావాళ్ళు గోల్ కొట్టారు, అందరం చప్పట్లు కొట్టాం. ఆవిడ గోల్ కొట్టిన పిల్ల వైపు చూడలేదు, మైదానం రెండో చివర మా అమ్మాయి వైపు చూస్తూ చప్పట్లు కొట్టింది. "గోల్ నుంచి వెనక్కి నాలుగు చేతులు లెక్కపెట్టు. అక్కడ ఎవరున్నారో చూడు" అంది. లెక్కపెట్టాను. నాలుగో చెయ్యి మా అమ్మాయిదే. అది బంతి అందుకుని ఎదురొచ్చిన పిల్లని తన మీదికి రానిచ్చి, సరిగ్గా ఆఖరి క్షణంలో పక్క పిల్లకి హ్యాండ్‌బాల్ ఇచ్చిందట. నేను చూడనే లేదు. గోల్ వైపే చూస్తున్నాను.

ఆ రోజు నుంచి అలవాటైపోయింది. పిల్లల ఆటైనా, పెద్ద లీగ్ ఏఎఫ్‌ఎల్ అయినా, గోల్ పడగానే వెనక్కి నాలుగు చేతులు లెక్కపెడతాను. మీరూ ఒక ఆట మొత్తం అలా చూడండి. ఎన్ని సార్లు ఆ నాలుగో చెయ్యి హాఫ్‌బ్యాక్‌దో మీకే తెలుస్తుంది.

రెండో వైపు కూడా చెప్పాలి. అదే సీజన్‌లో ఒక ఆటలో అది మైదానం మధ్యలోకి పరుగెత్తి, బౌన్స్ సరిగ్గా పడక బంతి వదిలేసింది. ఎదుటి పిల్ల ఎత్తుకుని రెండు అడుగుల్లో గోల్ కొట్టింది. ఆ తర్వాత క్వార్టరంతా మా అమ్మాయి పరుగెత్తలేదు. బంతి అందితే చాలు బౌండరీ వైపు తన్నేసేది. విచిత్రం ఏమిటంటే ఆ క్వార్టర్లో మా జట్టుకి ఒక్క గోల్ కూడా రాలేదు, ముందున్న పిల్లల తల్లిదండ్రులు మాత్రం "ఇవాళ మన ఫార్వర్డ్‌లకి ఏమైంది?" అనుకుంటున్నారు. నాకు ఏమైందో తెలుసు. కారులో ఇంటికి వెళ్తుంటే "ఇంక పరుగెత్తనమ్మా, నా వల్లే గోల్ పోయింది" అని ఏడ్చింది. ఆ క్షణంలో దానికి ధైర్యం చెప్పడానికి నా దగ్గర ఏ సిద్ధాంతమూ పనికి రాలేదు.

అది ఏడ్చినప్పుడు నాకొచ్చిన సందేహాలు

అసలు ఇంత ప్రమాదం అవసరమా? ఫార్వర్డ్ బంతి పోగొడితే ఎదుటివాళ్ళు గోల్ చేరడానికి మైదానమంతా దాటాలి. హాఫ్‌బ్యాక్ పోగొడితే గోల్ అక్కడే ఉంది, పైగా మనవాళ్ళంతా ముందుకు పరుగెత్తి ఉంటారు, వెనక ఎవరూ ఉండరు. మనం ఎదుటివాళ్ళకి చెయ్యాలనుకున్నదే మనకి జరుగుతుంది. ఈ ఆలోచన మీదే రిచ్‌మండ్ 2017లో కప్పు గెలిచింది. పొడుగాటి ఫార్వర్డ్ జాక్ రీవోల్ట్ ఒక్కడు, అతని చుట్టూ చురుకైన చిన్నవాళ్ళు. వాళ్ళ ముఖ్యమైన పని ఎదుటి డిఫెండర్లు బంతితో బయటికి రాకుండా మీద పడటం. గ్రాండ్ ఫైనల్లో అడిలైడ్‌ని 108–60తో ఓడించారు.

చాలాకాలం ఇది నా వాదనకి ఎదురుదెబ్బ అనుకున్నాను. తర్వాత ఆ ఫైనల్‌ని మళ్ళీ చూశాను. రిచ్‌మండ్ వెనక వరసలో బషార్ హూలీ ఉన్నాడు. ఎడమ కాలితో అతను బంతిని బయటికి తెచ్చిన తీరు చూస్తే, ఆ జట్టు ఎదుటివాళ్ళకి లేకుండా చేసిన దాన్నే తను దాచుకుందని అర్థమవుతుంది. అయినా ప్రమాదం అన్న మాట కొట్టిపారేసేది కాదు. పరుగెత్తే హాఫ్‌బ్యాక్ తప్పు చేస్తే అందరి కళ్ళకీ కనపడుతుంది, పరుగెత్తకుండా చేసిన తప్పు ఫార్వర్డ్ ఖాతాలో పడుతుంది. కోచ్‌లూ తల్లిదండ్రులూ కూడా ఈ తేడాని పట్టించుకోవాలి.

రెండో సందేహం ఇంకా గట్టిది. అందరూ పరుగెత్తితే కాపలా ఎవరు? మళ్ళీ 2016 ఫైనల్‌కే వెళ్తాను. జొహానిసన్ గోల్ రద్దయ్యాక ఆటని బుల్‌డాగ్స్ వైపు లాగింది ఏది? సిడ్నీ ఫార్వర్డ్ లాన్స్ ఫ్రాంక్లిన్‌ని డేల్ మోరిస్ వెనక నుంచి పడగొట్టడం, ఊడిన బంతిని టామ్ బాయిడ్ అందుకుని యాభై మీటర్ల అవతల నుంచి తన్నడం, అది దొర్లుకుంటూ గోల్‌లోకి పోవడం. మోరిస్ పరుగుల మనిషి కాడు, కాపలా మనిషి. అక్కడ నాలుగు చేతులు కూడా లేవు, ఒకటే. మోరిస్ లాంటివాడు ఉన్నాడన్న నమ్మకం ఉంటేనే జొహానిసన్ లాంటివాడు వెనక్కి చూడకుండా పరుగెత్తగలడు. కాబట్టి నా మాట కొంత సవరించుకుంటున్నాను. పరుగెత్తే డిఫెండర్ విలువ పక్కన నిలబడే డిఫెండర్‌ని బట్టి ఉంటుంది. ఇద్దరినీ విడదీసి పొగడటం తప్పు.

మూడోది, గెలిచే జట్టు డిఫెండర్లు ఎలాగూ బాగా పరుగెత్తినట్టే కనపడతారు, కారణమూ ఫలితమూ తారుమారు చేస్తున్నావేమో అన్నది. ఇది మా వారు అన్న మాట. ఆయనకి ఫుటీ మీద ఆసక్తి లేదు, కానీ ప్రశ్న మంచిదే. నా దగ్గరున్న జవాబు కాలింగ్‌వుడ్. 2021లో 17వ స్థానం. 2022లో కొత్త కోచ్ క్రెయిగ్ మెక్‌రే, వెనక నుంచి ఆగకుండా బంతి తోలే ఆట, హాఫ్‌బ్యాక్‌లో పందొమ్మిదేళ్ళ నిక్ డైకోస్. అదే ఏడాది గ్రాండ్ ఫైనల్‌కి ముందు మెట్టు ప్రిలిమినరీ ఫైనల్లో సిడ్నీ చేతిలో ఒకే ఒక్క పాయింట్‌తో ఓడారు, డైకోస్‌కి మేటి యువ ఆటగాడికిచ్చే రైజింగ్ స్టార్ అవార్డు వచ్చింది. 2023లో కప్పు. అది ఒక్కడి వల్ల జరిగిందని అనను, కోచ్ మారితే చాలా మారతాయి. కానీ అట్టడుగున ఉన్న జట్టు పైకి రావాలనుకున్నప్పుడు మొదట మార్చుకున్నది వెనక నుంచి బయటికొచ్చే పద్ధతినే. గెలుపు ఆ తర్వాత వచ్చింది.

కాళ్ళ వేగం గురించి ఒక్క మాట. వేగానికి పేరున్న హాఫ్‌బ్యాక్ ఆడమ్ సాద్ బౌన్స్ వేసుకుంటూ బయల్దేరితే నేనూ సీట్లోంచి లేస్తాను, అది చూడటానికే టికెట్ కొనొచ్చు. కానీ 168 సెంటీమీటర్ల కేలెబ్ డేనియల్ 2020లో అదే హాఫ్‌బ్యాక్ నుంచి ఏడాది మేటి ఆటగాళ్ళతో కూర్చే ఆల్ ఆస్ట్రేలియన్ జట్టుకి ఎంపికయ్యాడు, బుల్‌డాగ్స్ తమ మేటి ఆటగాడికిచ్చే బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్ కూడా గెలిచాడు. అతని కాళ్ళ కంటే కిక్ వేగం ఎక్కువ. నేలకి దగ్గరగా పోయే ఆ పాస్‌లు కూడా ఎదుటివాళ్ళని చోటు వదిలించేవే. బ్రిస్బేన్‌దీ అదే కథ. 2023 ఫైనల్లో వాళ్ళ హాఫ్‌బ్యాక్ కీడియన్ కోల్‌మన్ అద్భుతంగా ఆడాడు. 2024 సీజన్ మొదటి ఆటలోనే అతని మోకాలు పోయింది. ఆ ఏడాది డేన్ జోర్కో, ఒకప్పటి కెప్టెన్, ఎక్కువగా మధ్యలోనూ ముందూ ఆడినవాడు, 35 ఏళ్ళ వయసులో వెనక నుంచి బంతి నడిపించాడు. ఆ సెప్టెంబర్‌లో గ్రాండ్ ఫైనల్లో బ్రిస్బేన్ సిడ్నీని 60 పాయింట్ల తేడాతో ఓడించింది. 35 ఏళ్ళవాడు కాళ్ళతో గెలవలేదు. ఎప్పుడు పరుగెత్తాలో, ఎవరిని తన మీదికి రానివ్వాలో తెలిసి గెలిచాడు.

ముందుకు జరపాలా

నాకు ఇప్పటికీ పూర్తిగా తెగనిది ఒకటుంది. హాఫ్‌బ్యాక్ అంత ముఖ్యమైతే, మంచి హాఫ్‌బ్యాక్ దొరకగానే కోచ్‌లు అతన్ని మిడ్‌ఫీల్డ్‌లోకి ఎందుకు జరుపుతారు? డైకోస్‌ని జరిపారు. 2025లో సెయింట్ కిల్డా నసాయా వాంగనీన్ మిలేరాని జరిపింది.

ఆ జూలైలో మెల్‌బోర్న్ జట్టుతో ఆట చాలామందికి గుర్తుండే ఉంటుంది. మూడు క్వార్టర్లయ్యేసరికి సెయింట్ కిల్డా 46 పాయింట్లు వెనక. ఆ స్థితి నుంచి గెలిచిన జట్టు అంతకు ముందు లీగ్ చరిత్రలోనే లేదు. చివరి సెకన్లలో స్కోరు సమం. ఆట మధ్యలో నుంచి మళ్ళీ మొదలయ్యే సెంటర్ బౌన్స్ దగ్గర, మైదానం మూడు భాగాల్లో ఆరుగురేసి నిలబడాలన్న సిక్స్ సిక్స్ సిక్స్ నియమాన్ని మెల్‌బోర్న్ వాళ్ళు తప్పడంతో సెయింట్ కిల్డాకి ఫ్రీ కిక్. రోవన్ మార్షల్ తన్నిన బంతిని మార్క్ పట్టింది వాంగనీన్ మిలేరా, సైరన్ తర్వాత గోల్ కొట్టిందీ అతనే. అతను వెనకే ఉండి ఉంటే ఆ మార్క్ ఎవరు పట్టేవారు? మా మరిది ఈ ఆట పేరు ఎత్తినప్పుడల్లా నేను కాసేపు మాట్లాడలేను.

అయినా ఒక మాట. ఆ కుర్రాడు ఖాళీ ఎక్కడుందో చూడటం నేర్చుకుంది హాఫ్‌బ్యాక్‌లోనే అని నా నమ్మకం. మధ్యలో ఆడేవాళ్ళకి చుట్టూ మనుషులే, నాలుగు వైపుల నుంచీ మీద పడతారు. వెనక నుంచి చూసేవాళ్ళకి ఆట మొత్తం ముందు పరుచుకుని ఉంటుంది. 1993లో ఎసెండన్ డిఫెండర్ గావిన్ వాంగనీన్ ఇరవై ఏళ్ళకే, సీజన్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ గెలిచాడు. అంపైర్లు వేసే ఓట్లతో వచ్చే ఆ మెడల్ వెనక ఆడేవాళ్ళకి దక్కడం చాలా అరుదు, ఏటా మిడ్‌ఫీల్డర్లే ఎత్తుకుపోతారు. బంతి పక్కనే పరుగెత్తే అంపైర్లకి బంతి దగ్గర ఉన్నవాళ్ళే కనపడతారు, అది వాళ్ళ తప్పు కాదు. కానీ కోచ్‌లు కూడా అలాగే చూస్తున్నారేమో అన్న అనుమానం నాకుంది. ఒక మంచి హాఫ్‌బ్యాక్‌ని ముందుకు జరిపినప్పుడు వచ్చింది లెక్కేస్తారు. వెనక పోయింది ఎవరు లెక్కేస్తారు?

ఇదంతా ఇప్పుడు మా ఇంట్లో ప్రశ్న. పోయిన వారం కోచ్ మా అమ్మాయిని వచ్చే సీజన్‌కి మిడ్‌ఫీల్డ్‌లో ఆడతావా అని అడిగాడు. మంచి ఉద్దేశంతోనే అడిగాడు, దాని ఆట బాగుందని. నేను సంతోషించాను, వెంటనే కొంచెం బెంగ కూడా పెట్టుకున్నాను. మా మరిది ఫోన్ చేసి "వదినా, వెంటనే ఒప్పుకోమను" అన్నాడు. నేను ఏమీ చెప్పలేదు, దాన్నే అడిగాను.

చాలాసేపు ఆలోచించి, "అక్కడ నిలబడితే ముందు ఏముందో కనపడదు కదమ్మా" అంది. బుధవారం ప్రాక్టీసుకి ముందు కోచ్‌కి చెప్పాలి. ఏం చెప్తుందో ఇంకా తేల్చుకోలేదు.